దిగనక్కర్లేనివాళ్ళు

"ఆ మరక ఇంకా అలాగే ఉంది చూడు," అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండా, కాఫీ కప్పుతోనే చూపిస్తూ.

మరక అద్దానికి అవతలివైపు ఉంది. ఆ సంగతి ఆమె అతనికి చాలాసార్లు చెప్పింది. వాళ్ళుండేది ఇరవై మూడో అంతస్తు. హాల్లో ఒక పక్కంతా గోడకి బదులు నేల నుంచి పైకప్పు దాకా అద్దమే. ఆమె చెయ్యి అందేది ఇవతలి వైపుకి మాత్రమే. అవతల తుడవాలంటే నడుముకి తాళ్ళు కట్టుకుని పైనుంచి వేలాడే మనుషులు రావాలి. వాళ్ళు ఏ ఏడాదికో ఒకసారి వస్తారు. అందాకా పక్షి రెట్టయినా, వాన చారయినా ఆమె బద్ధకం కిందే జమ. అయినా ఆమె ఆ మరక ఉన్నచోటే ఇవతలివైపు మళ్ళీ తుడిచింది. తుడిచినట్టు కనబడితే చాలు, అతను కాఫీ తాగుతాడు. ఏ మాటకి జవాబు చెప్పాలో, ఏ మాటకి గుడ్డ తడపాలో ఈ ఇంటికొచ్చాక ఆమె బాగానే నేర్చుకుంది.

ఆ పూట ఇల్లు చూడ్డానికి మనుషులొస్తున్నారు. ఇల్లు వాళ్ళది కాదు, అద్దెది. యజమానురాలు దాన్ని అమ్మకానికి పెట్టింది. ఆవిడని మొగుడూ పెళ్ళాలు తమలో తాము ఓనరమ్మ అనుకునేవాళ్ళు. కొన్ని వారాలుగా సెలవు రోజొస్తే చాలు, ఎవరో ఒకరు దిగబడి, ఆమె వంటింటి అరలు తెరిచి, ఆమె పడగ్గదిలో మంచం పక్కన నిలబడి తమ మంచం పడుతుందా లేదా అని కొలుచుకుని, ఆమె ముఖం కూడా చూడకుండా వెళ్ళిపోతున్నారు. వాళ్ళు రావడానికి ముందు వంట వాసన ఉండకూడదు, తడిబట్టలు కనబడకూడదు, స్నానాల గదిలో నీటిచుక్క ఉండకూడదు. వీలైతే తనూ ఉండకూడదు. "నువ్వలా కిందికెళ్ళి తోటలో కూర్చో. ఇల్లు ఖాళీగా ఉంటే పెద్దదిగా కనబడుతుందని ఓనరమ్మ చెప్పింది," అనేవాడు భర్త. ఖాళీ చేయించాల్సిన సామాను తనేనన్నమాట అనుకుని ఆమె మొదటిసారి నవ్వుకుంది. రెండోసారి నవ్వు రాలేదు.

ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఆమె సంతోషంగానే ఉండేది. అబద్ధమాడి ప్రయోజనం లేదు. అంతకుముందు వాళ్ళున్న ఇల్లు ఇరుకు సందులో రెండో అంతస్తు. కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ళ కిటికీ, అది తెరిస్తే వాళ్ళ తగువులు. ఇక్కడికొచ్చిన మొదటి వానకి మబ్బు ఏకంగా వచ్చి అద్దానికి ఆనుకుని నిలబడితే, ఆమె ఆఫీసుకి ఆలస్యమైనా కదల్లేకపోయింది. కింద ఈతకొలను నీలంగా, అరచేతిలో పెట్టుకునేంత ఉండేది. లిఫ్టులో మంచి వాసన వేసేది. బీమా కంపెనీలో ఆమెతో పనిచేసేవాళ్ళు, ఎక్కడుంటున్నారని ఎవరైనా అడిగితే ఆమె కంటే ముందు వాళ్ళే చెప్పేవాళ్ళు. భర్తకైతే ఆ ఇల్లు ఇంకో ఉద్యోగంలా దొరికింది. స్నేహితుల్ని పిలిచి అద్దం ముందు నిలబెట్టి, "మన వ్యూ ఎలా ఉంది?" అని అడిగేవాడు. వాళ్ళు చూస్తున్నంతసేపూ ఆమె వంటింట్లో వాళ్ళకోసం నూనె కాగబెడుతూ ఉండేది. వంటింటికి కిటికీ లేదు.

తర్వాత్తర్వాత పైన పటారం, లోన లొటారం అన్నట్టు ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. గోడకి మేకు కొట్టకూడదు. బాల్కనీలో బట్టలారేస్తే భవనం అందం పోతుంది గనక ఆరెయ్యకూడదు. సొంతదారులకొక వేళ, అద్దెవాళ్ళకొక వేళ కొలను. ఆమె జీతంలో ముప్పాతిక మొదటి తారీఖునే అద్దె కింద వెళ్ళిపోయేది గానీ, అగ్రిమెంటు మీద పేరు మాత్రం భర్తది. నీళ్ళు రాకపోయినా, లిఫ్టు బాగుచేస్తున్నా, గేటు దగ్గరికి ఎవరొచ్చినా కబురొచ్చేది అతని ఫోనుకే. ఒకసారి ఆమె తల్లి చెప్పకుండా వస్తే కాపలావాళ్ళు అతనికి ఫోన్ చేశారు. అతను మీటింగులో ఉన్నాడు. పైన కూతురు ఇంట్లోనే ఉన్నా, ఫోన్ వెంట లేని ఆ పెద్దావిడ, అల్లుడు ఫోన్ చూసేదాకా కింద బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె, నా నంబరు కూడా ఎక్కించండి అని అడిగింది. "ఇంటికొక నంబరు చాలు. నేనున్నాగా," అన్నాడు. 'నేనున్నాగా' అన్న మాట వినడానికి ఎంత హాయిగా ఉంటుందో, తలుపుకి గడియలా పడ్డాక తెలుస్తుంది.

ఆ ఏడే ఆమెకి నెల తప్పింది.

పెళ్ళయిన చాలా కాలానికి. చిన్నగది ఒకటి ఖాళీగా ఉండేది. పొద్దున్నే అందులో ఎండ వచ్చి నేలమీద పరుచుకునేది. ఆఫీసుకి వెళ్ళేముందు ఆమె ఆ ఎండలో కాసేపు కూర్చునేది. పైకి ఏమీ మాట్లాడేది కాదు. లోపల మాత్రం, ఇదిగో ఇక్కడ నీ మంచం, ఇక్కడ నీ బట్టలు, మేకు కొట్టకూడదు గనక నీ బొమ్మలన్నీ నేలమీదే, అని వరసగా చెప్పుకుంటూ పోయేది. కోడలికి సాయంగా ఉంటానని అత్తగారు వచ్చింది. ఆవిడకి ఎత్తంటే భయం. వచ్చిన రోజునుంచీ అద్దానికి వీపు పెట్టి కూర్చుని, "నేల కనబడని కొంపలో ఎలా కాపురం చేస్తున్నారర్రా," అంటూ ఉండేది. మోకాళ్ళ నొప్పులు. సాయం చెయ్యడం మాట ఎలా ఉన్నా, ఆవిడ కాళ్ళకి నూనె రాయడం, వేడినీళ్ళు పెట్టడం కోడలి పనుల్లో కొత్తగా చేరాయి. అయినా ఆమెకి కష్టమనిపించలేదు. ఆ రోజుల్లో ఆమెకి ఏదీ కష్టమనిపించలేదు.

నాలుగో నెల నడుస్తుండగా ఒకరోజు, ఆమె సెలవు పెట్టి ఇంట్లో ఉన్నప్పుడు, అలారం మోగింది.

అది మామూలు మోత కాదు. పళ్ళు జివ్వుమనేంత మోత. దాని వెనకే ఎవరిదో గొంతు, లిఫ్టులు వాడవద్దు, వెంటనే మెట్లదారిన కిందికి దిగండి, అని అదేపనిగా చెబుతోంది. ఆమె భర్తకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అత్తగారు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి వణికిపోతోంది. "నన్నిక్కడ వదిలేసి పోతావా ఏంటే, కాలిపోతామే, పదవే," అని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆవిడ రెండు అంతస్తులు దిగేసరికి కాళ్ళు మడవలేక కోడలి భుజం మీద వాలిపోయింది. ఆ బరువంతా మోస్తూ, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో ఆవిడ నడుము పట్టుకుని ఆమె మెట్టు తర్వాత మెట్టు దిగింది. ఇంత పెద్ద భవనంలో మెట్లమీద ఎవరూ లేరు. అందరూ ముందే పారిపోయి ఉంటారు, మనమే ఆఖరు అనుకుంది. పొగ వస్తుందేమోనని ప్రతి మలుపులోనూ ముక్కుతో వాసన చూసింది. కడుపుకి అడ్డంగా పెట్టుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆ మాట ఆమెకి తర్వాత కొన్ని నెలలపాటు నిద్రలో కూడా గుర్తొచ్చేది.

కిందికొచ్చేసరికి పొగా లేదు, మంటా లేదు. ఎండలో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఒకతను చేతిగడియారం చూసుకుంటూ ఏదో మాట్లాడుతున్నాడు. గేటు దగ్గర కాపలాదారు వీళ్ళిద్దర్నీ చూసి నివ్వెరపోయి పరిగెత్తుకొచ్చాడు.

"మీరెందుకు దిగారు మేడమ్? ఇది ఉత్తుత్తిదే, ప్రాక్టీసు. పెద్దవాళ్ళూ, కడుపుతో ఉన్నవాళ్ళూ దిగనక్కర్లేదని నిన్ననే మెసేజ్ పెట్టారుగా."

"ఏ మెసేజ్?" అంది ఆమె, కుర్చీ కోసం వెతుక్కుంటూ.

"సార్ ఫోన్‌కి వెళ్ళిందే. సార్ చూసినట్టు గుర్తు కూడా పడింది."

సాయంత్రానికి నడుంలో నొప్పి మొదలైంది. భర్త వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో ఆమె మెసేజ్ సంగతి అడిగింది. "రోజుకి వంద మెసేజ్‌లొస్తాయి. అన్నీ గుర్తుపెట్టుకుని అప్పగించడానికి నేనేమన్నా ఖాళీగా ఉన్నానా? అయినా మోగగానే దిగిపోవడమేనా, ఎవర్నన్నా అడగొచ్చుగా," అన్నాడు. ఆసుపత్రిలో అతని ఫోన్ ఆమె మంచం పక్కన బల్లమీద ఉండగా వెలిగింది. భవనంలోవాళ్ళ గ్రూపు. ఇవాళ్టి ప్రాక్టీసు విజయవంతమైందని ఎవరో పెట్టారు. దానికి కొద్దిసేపటి కిందట ఆమె భర్త ఇచ్చిన జవాబు కూడా కనబడింది. 'చాలా బాగా నిర్వహించారు. అభినందనలు.' బొటనవేలి బొమ్మ ఒకటి. అతను ఆ జవాబు పెట్టిన వేళకి ఆమెకి లోపల పరీక్ష చేస్తున్నారు.

బిడ్డ దక్కలేదు.

డాక్టరమ్మ మంచి మనిషి. మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. మెట్లు దిగడం వల్లే పోయిందని చెప్పలేం, చాలాసార్లు కారణం తెలియకుండానే పోతుంది, నిన్ను నువ్వు తిట్టుకోకు అంది. దిగకపోతే నిలిచేదా అని ఆమె అడిగింది. అదీ చెప్పలేం అంది డాక్టరమ్మ. ఆ రెండు 'చెప్పలేం'ల మధ్య ఆమె ఆనాటినుంచీ అడకత్తెరలో పోకచెక్కలా ఉండిపోయింది. అటు పూర్తిగా ఏడవడానికీ లేదు, ఇటు పూర్తిగా నిందించడానికీ లేదు.

మర్నాడు, ఆసుపత్రి వసారాలో అత్తగారు కూతురితో ఫోనులో మాట్లాడటం ఆమె చెవిన పడింది. "ఏం చెప్పమంటావే, బాత్రూంలో జారింది. కాస్త చూసుకుని నడవద్దూ?" ఆమె తను విన్నది వేరే ఎవరి గురించో అనుకుంది. భర్త లోపలికొచ్చాడు. మీ అమ్మ బాత్రూం అంటోందేమిటి అని అడిగితే, అతను కిటికీ తెర సర్ది, "పోనిద్దూ. మెట్లనీ అలారమనీ చెబితే నలుగురూ నాలుగు ప్రశ్నలేస్తారు. అమ్మని ఎందుకు దింపావంటారు, నువ్వెందుకు దిగావంటారు. ఎవరికి లాభం?" అన్నాడు. మెసేజ్ చూసి భార్యకెందుకు చెప్పలేదని తననడుగుతారన్న మూడో ప్రశ్న మాత్రం అతను చెప్పలేదు. అతను చెప్పలేదని ఆమె గమనించింది.

అలా ఆమె పోగొట్టుకున్నదానికి ఇంకో కథ తయారైంది. చుట్టాలు ఫోన్లు చేశారు. బాత్రూంలో రబ్బరు చాప వేసుకోవాలమ్మా అన్నారు. ఆడపడుచు, "వదినా, నువ్వు ముందునుంచీ అంతే, కాలొకచోట, మనసొకచోట," అంది. ఆమె ఒక్క తల్లికి మాత్రం జరిగింది చెప్పింది. ఆవిడ, "ఏదైతేనేం తల్లీ, పోయింది రాదు కదా. అల్లుడుగారి ముందు ఆ మెట్ల మాట ఎత్తకు. కాపురం చేసుకోవాల్సినదానివి," అంది. ఆఫీసులో మళ్ళీ చేరినరోజు, సెలవు ఏ ఖాతాలో రాయాలని పై అధికారి అడిగాడు. పక్క సీటావిడ మెల్లిగా వంగి, "జారే టైల్సేనా? అంత ఖరీదైన ఇళ్ళల్లో అదే చిక్కు," అంది, జాలిగానూ కొంచెం తృప్తిగానూ. ఆమె అవునని తలూపింది. ఆ తలూపినందుకు ఆ పూటంతా తన మెడని తనే అసహ్యించుకుంది. అబద్ధం మోసేవాళ్ళు మొదట బరువనుకుంటారు, ఆ తర్వాత అలవాటవుతుంది అంటారు గానీ, ఆమెకి అలవాటు కాలేదు. రోజూ పొద్దున్నే స్నానాల గది తలుపు తియ్యగానే, ఎన్నడూ జరగని ఆ జారుపాటు కోసం కాలు దానంతటదే తడబడేది. నిజంగానే జారానేమో అని ఒకటి రెండుసార్లు అనుమానం కూడా వచ్చింది. ఇంతమంది చెబుతున్నారు కదా.

అత్తగారు కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. చిన్నగది మళ్ళీ ఖాళీ అయింది. బాల్కనీలో ఆరేసే వీల్లేని బట్టలు ఆమె అందులో తీగ కట్టి ఆరెయ్యడం మొదలుపెట్టింది. కట్టడానికి మేకు ఉండకూడదు గనక, తీగ ఒక కొస కిటికీ చట్రానికి, ఇంకో కొస తలుపు గడియకి. ఎండ మాత్రం అలాగే వచ్చేది.

ఇంతలో ఓనరమ్మకి డబ్బు అవసరపడి ఇల్లు అమ్మాలనుకుంది. భర్త మొదట కుంగిపోయాడు. ఈ ఎత్తుమీదినుంచి దిగడమంటే అతనికి ప్రాణం పోయినట్టే. అయితే ఓనరమ్మకి పక్క టవర్లో ఇంకో ఫ్లాటు ఉంది, ఇంకా పైన. ఈ ఇల్లు చక్కగా అమ్ముడుపోయేలా సాయపడితే అది వీళ్ళకే ఇస్తానంది. అతను మళ్ళీ వికసించాడు. "అక్కణ్ణుంచి ఊరంతా కనబడుతుంది తెలుసా," అన్నాడు ఆమెతో. అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. ఇచ్చాక చెప్పాడు.

ఆ ఉదయం అద్దం తుడవడం అయ్యాక ఆమె తోటలోకి వెళ్ళడానికి చెప్పులేసుకుంటుండగానే గంట మోగింది. వాళ్ళు చెప్పినదానికంటే ముందే వచ్చేశారు. ఓనరమ్మ, ఆవిడ వెనక ఒక కుర్రజంట. భర్త ఆమెకేసి, ఇంకా ఉన్నావా అన్నట్టు చూసి, వచ్చినవాళ్ళకేసి చేతులు జోడించాడు. అతనూ ఓనరమ్మా కలిసి ఆ కుర్రవాణ్ణి తిన్నగా అద్దం దగ్గరికి నడిపించారు. ఆ కుర్రవాడి భార్య మాత్రం వాళ్ళవెంట పోకుండా, తలుపు తీసి ఉందని చిన్నగదిలోకి తొంగిచూసింది. తీగమీద బట్టలు తియ్యడం మరిచిపోయానని గుర్తొచ్చి ఆమె గబగబా వెనకే వెళ్ళింది.

"తియ్యకండి, పర్లేదు," అంది ఆ అమ్మాయి. "ఈ గదిలో ఎవరుంటారండీ?"

"ఎవరూ ఉండరు."

ఆ అమ్మాయి నేలమీది ఎండలోకి వచ్చి నిలబడింది. పైట కింద కొద్దిగా ఎత్తుగా ఉంది. ఆ ఎత్తుమీద చెయ్యి వేసుకుని ఉంది. చూసుకోకుండా వేసుకున్న చెయ్యి. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ మాటలు కలిపింది. ఇక్కడ ఉయ్యాలలాంటిది పడుతుందా, గాలి బాగా వస్తుందా అని అడిగింది. ఆమె ఆ రెంటికీ అవునంది. అప్పుడా అమ్మాయి గొంతు తగ్గించి అసలు భయం బయటపెట్టింది. "లిఫ్టులు ఆగిపోతుంటాయా అండీ? ఇంత ఎత్తంటే నాకు లోపల్లోపల బెదురుగా ఉంది. మా ఆయనతో అంటే నవ్వుతారు."

హాల్లో భర్త నవ్వు వినబడుతోంది. ఏమీ భయంలేదమ్మా అనెయ్యడం ఎంతసేపు? ఓనరమ్మ బాగా చూపించమంది, పక్క టవర్లో ఇల్లు దీనిమీదే ఆధారపడి ఉంది, అడ్వాన్సు వెళ్ళిపోయింది. ఆమె తీగమీది తువ్వాలు ఒకటి తీసి మడత పెట్టింది. మడతపెట్టినదాన్ని విప్పి మళ్ళీ మడత పెట్టింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. అలారం సంగతి, అత్తగారి బరువు సంగతి, మెట్లమీద ఎవరూ లేకపోవడం, కింద ఎండలో గడియారం చూసుకుంటున్న మనిషి. ఏడవలేదు. ఎవరికో జరిగింది చెబుతున్నట్టు, వరసగా, పొల్లుపోకుండా చెప్పింది. తన నోటి వెంట ఆ మాటలు ఆ వరసలో రావడం తల్లితో మాట్లాడిన తర్వాత అదే మొదలు.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "మా ఆయన నిన్ననే అడ్వాన్సు ఇచ్చేశారండీ. ఇవాళ నాకు చూపించడానికి తీసుకొచ్చారు," అంది.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అంతవరకూ ఆ అమ్మాయికి ఏదో మేలు చేస్తున్నానన్న ఆశ ఒకటి ఆమెని నిలబెట్టింది. అది కాస్తా జారిపోయింది. "అయితే మెసేజ్‌లు మీ ఫోనుకి కూడా వచ్చేలా చూసుకోండి," అంది. ఆ మాట ఎంత చిన్నదో తనకే వినబడింది. అయినా ఇవ్వడానికి ఆమె దగ్గర అంతకంటే ఏమీ లేదు.

"ఆడవాళ్ళిద్దరూ ఏం మంతనాలు ఆడుతున్నారు?" అంటూ ఓనరమ్మ గుమ్మంలోకి వచ్చింది. వెనకే మగవాళ్ళిద్దరూ. ఆ అమ్మాయి వాలకం చూసి ఓనరమ్మకి ఏదో అనుమానం తగిలింది. వెంటనే సర్దేసింది. "ఈవిడ పాపం బాత్రూంలో జారి కడుపు పోగొట్టుకుంది. అప్పట్నుంచీ కాస్త దిగులు మనిషి. మీరేం మనసులో పెట్టుకోకండి. ఇల్లు చాలా కలిసొచ్చే ఇల్లు."

"అయ్యో," అన్నాడు కుర్రవాడు మర్యాదగా. "అలాగైతే బాత్రూం టైల్స్ మార్పించేద్దాం."

భర్త తల ఊపాడు. ఆమె అతనికేసి చూసింది. అతను కళ్ళు తిప్పుకోలేదు. తిప్పుకోవాల్సిన అవసరమే అతనికి తోచలేదు. అతను నిజంగానే నమ్మేస్తున్నాడని ఆమెకి అప్పుడు అర్థమైంది. అతనికది అబద్ధంగా మిగల్లేదు. ఆ ఇంట్లో ఆ రోజు ఎలా గడిచిందో తెలిసిన మనుషులు ముగ్గురు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు మరిచిపోయారు. ఇంకొక్కతే మిగిలింది, తను. తనూ తలూపితే ఆ బిడ్డ ఇక ఎవరికీ, ఎక్కడా, ఉన్నట్టు కూడా ఉండదు.

"నేను బాత్రూంలో జారలేదు," అంది ఆమె.

గొంతు పెద్దది చెయ్యలేదు. "ఉత్తుత్తి అలారానికి మా అత్తగారిని మోసుకుంటూ ఇరవై మూడు అంతస్తులూ దిగాను. దిగనక్కర్లేదని ఈయన ఫోనుకి ముందురోజే చెప్పారు. ఈయన నాకు చెప్పలేదు."

ఓనరమ్మ బట్టల తీగకేసి చూసింది. కుర్రవాడు భార్య మోచెయ్యి పట్టుకుని, "ఇక వెళ్దాం," అన్నాడు.

ఆ మాటతో ఏదో కూలిపోతుందనుకుంది ఆమె. ఏదీ కూలలేదు. వాళ్ళు ఆ ఇల్లు కొనుక్కున్నారు. ఓనరమ్మ పక్క టవర్లో ఇల్లు వీళ్ళకే ఇచ్చింది, ఏళ్ళతరబడి అద్దె వేళకి కట్టేవాళ్ళు దొరకరని. భర్త కొద్దిరోజులు మాట్లాడటం మానేసి, తర్వాత అవసరమైనంత మాట్లాడాడు. "పరాయివాళ్ళ ముందు పరువు తీశావు. ఏం వచ్చింది నీకు?" అని మాత్రం అడిగాడు. అత్తగారు ఫోన్ చేసి, "నన్ను నలుగురిలో అబద్ధాలకోరుని చేశావు. అంతా నా బరువే అన్నావట," అని ఏడ్చింది. ఏడుపు నిజమే. ఆవిడకి మోకాళ్ళ నొప్పి నిజం, ఆ రోజు భయం నిజం. ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని ఆవిడ ఏడుపంతా విన్నది. ఒక్క మాటైనా, నీకెలా ఉందే అని వస్తుందేమోనని ఆఖరుదాకా ఉంది. ఆవిడ పెట్టేసింది.

ఆ తర్వాత ఆమె సాయంత్రాలు ఆఫీసునుంచి తిన్నగా ఇంటికి రాకుండా గదులు చూడటం మొదలుపెట్టింది. ఒకచోట, మీవారు ఎప్పుడొస్తారు చూసుకోడానికి అన్నారు. ఒకచోట, ఒంటరి ఆడవాళ్ళకి ఇవ్వం అన్నారు. ఇంకోచోట ఇస్తామన్నారు గానీ, ఆ ఇస్తామన్న మనిషి చూపు నచ్చక తనే వద్దనుకుంది. చివరికి ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ హాస్టల్లో, ఒక నర్సుతో కలిసి ఉండే గదిలో మంచం దొరికింది. నేలమీదే గది. కిటికీ తెరిస్తే గోడ. ఆ గోడని చూస్తూ ఆమె కాసేపు నిలబడింది. అక్కడ తనకి మంచి జరుగుతుందని అనిపించలేదు. ఎక్కడైనా జరుగుతుందనే అనిపించలేదు. మంచం వరకు డబ్బు కట్టేసి వచ్చింది.

ఇల్లు మారే ముందురోజు భర్తతో చెప్పింది, నేను ఆ ఇంటికి రావడం లేదు అని. అతను ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఎక్కడికి పోతావు? నాల్రోజులు పోతే నువ్వే వస్తావు. పెట్టెలమీద ఏ గదివో రాయించు, లేకపోతే రేపు వెతుక్కోవాలి," అన్నాడు. ఆమె అన్ని పెట్టెలమీదా రాసింది. వంటిల్లు, హాలు, ఆయన బట్టలు. రెండిటిమీద మాత్రం ఏమీ రాయలేదు.

మర్నాడు పొద్దున్న సామాను మోసేవాళ్ళు వచ్చి పక్క టవరుకి చేరవెయ్యడం మొదలుపెట్టారు. భర్త తాళాలకోసం అటే వెళ్ళాడు. ఆమె తన పెట్టెలు రెండూ రెండు చేతుల్లో పట్టుకుని లిఫ్టులో కిందికి దిగింది. పుస్తకాలు కొన్ని, బట్టలు, ఆసుపత్రిలో కప్పుకున్న దుప్పటి. గేటు దగ్గర కాపలాదారు ఆమెని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఆ రోజు కుర్చీ తెచ్చి వేసినవాడు అతనే. పెట్టెలు చూసి ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"పక్క టవరుకి కాదా మేడమ్? బయటికా? బయటికి సామాను పోవాలంటే సార్ ఫోన్ నుంచి ఓకే రావాలి. రూలు."

"ఇవి నావి," అంది ఆమె.

"తెలుసు మేడమ్. అగ్రిమెంటు ఆయన పేరుమీద ఉంది కదా. ఒక్క నిమిషం, ఇప్పుడే పంపిస్తాను."

అతను ఫోన్ నొక్కాడు. ఇద్దరూ ఎదురుచూశారు. కార్లు వస్తున్నాయి, గేటు కమ్మీ లేస్తోంది, పడుతోంది. ఒక చేతిలోది బరువెక్కి ఆమె ఒక పెట్టె కింద పెట్టింది. ఎత్తున, పక్క టవర్లో, ఎవరో బాల్కనీలోకి వచ్చినట్టు కనబడింది. అది అతనో కాదో ఇంత కిందనుంచి తెలియలేదు. కాపలాదారు ఫోన్‌కేసి చూసి, చప్పున దించేసి, ఆమె కాళ్ళకేసి చూశాడు.

"సార్ వద్దన్నారు మేడమ్."

ఆమె తలూపింది. కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఏడుపూ రాలేదు. ఇంకా పోవడానికి మిగిలినవేవో లెక్కచూసుకుంటున్న మనిషిలా కాసేపు అలాగే ఉండిపోయింది.

"మనిషి బయటికి పోవాలంటే?" అని అడిగింది.

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "మనుషులకి ఎవరి ఓకే అక్కర్లేదు మేడమ్. సామానుకే."

ఆమె రెండో చేతిలో పెట్టె కూడా కింద పెట్టేసింది.